మైసెన్ నుంచి గుడివాడ దాకా

1792 మార్చి 1న వియన్నాలో చక్రవర్తి రెండో లియోపోల్డ్ చనిపోయాడు. వయసు నలభై నాలుగు. జ్వరంతో మంచం పట్టిన ఆయనకు ఆస్థాన వైద్యులు ఒక్క రోజు వ్యవధిలో నాలుగుసార్లు నెత్తురు తీశారు. అప్పటికి అదే పెద్ద వైద్యం. నెల తిరక్కుండానే గోథా నగరం నుంచి వెలువడే ఒక పత్రికలో ఓ వైద్యుడు ఆ పెద్దల్ని బహిరంగంగా నిలదీశాడు. మొదటిసారి తీసినప్పుడు గుణం కనిపించలేదు కదా, రెండోసారి ఎందుకు తీశారు, మూడోసారి దేనికి, నాలుగోసారి ఏ ధైర్యంతో అని అడిగాడు. చక్రవర్తి వైద్యుల్ని అలా అడగడానికి గుండె కావాలి. ఆ అడిగిన మనిషి శామ్యూల్ హానిమన్. నేడు తెలుగు ఊళ్లలో తెల్లటి తీపి గుళికలు అమ్మే ప్రతి దుకాణంలోనూ గోడమీద కనిపించే బట్టతల పెద్దాయన ఈయనే.

హోమియోపతి కథను ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టకపోతే సగం అర్థం కాదు. ఆనాటి యూరప్‌లో జబ్బు చేసినవాడికి జబ్బు ఒక గండం, వైద్యుడు రెండో గండం. నరం కోసి నెత్తురు తీసేవారు, జలగలు పట్టించేవారు, పాదరసంతో చేసిన కాలొమెల్ మింగించి పళ్లు ఊడిపోయేదాకా చొంగ కార్పించేవారు, వాంతులకూ విరేచనాలకూ మందులిచ్చి మనిషిని నీరు చేసేవారు. ఒంట్లో చెడు రసాలు చేరాయి, వాటిని ఎలాగైనా బయటికి పంపాలి అన్నది సిద్ధాంతం. రోగి బతికితే వైద్యం గొప్పది, పోతే రోగం ముదిరిపోయింది.

హానిమన్ 1755 ఏప్రిల్ 10న సాక్సనీలోని మైసెన్‌లో పుట్టాడు. యూరప్‌లో తొలి పింగాణీ కర్మాగారం వెలిసిన ఊరది. తండ్రి ఆ పింగాణీ పాత్రల మీద బొమ్మలు వేసే చిత్రకారుడు. కుర్రవాడు లైప్జిగ్‌లో, వియన్నాలో వైద్యం చదివాడు. ట్రాన్సిల్వేనియా గవర్నరు దగ్గర కొంతకాలం గ్రంథాలయం చూసుకున్నాడు. 1779లో ఎర్లాంగెన్‌లో పట్టా పుచ్చుకున్నాడు. కొన్నేళ్లు వైద్యం చేశాక, తన చేత్తో రోగులకు మేలుకన్నా కీడే ఎక్కువ జరుగుతోందేమోనన్న బెంగ పట్టుకుని ఆ వృత్తినే పక్కన పెట్టేశాడు. సంసారం పెద్దది, పిల్లలు పదకొండు మంది. వైద్యగ్రంథాలు, రసాయనశాస్త్ర గ్రంథాలు జర్మన్‌లోకి అనువదించి ఆ కూలితో ఇల్లు గడిపాడు. 1792లోనే గోథా ప్రభువు ఇచ్చిన ఒక భవనంలో మతిస్థిమితం తప్పిన ఒక అధికారిని గొలుసులు లేకుండా, దెబ్బలు లేకుండా, ఓర్పుతో చూసి బాగుచేశాడు. పిచ్చివాళ్లను కొట్టి దారికి తెచ్చే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

1790లో ఎడింబరో ఆచార్యుడు విలియం కల్లెన్ రాసిన ఔషధ గ్రంథాన్ని అనువదిస్తుండగా సింకోనా బెరడు ప్రస్తావన వచ్చింది. మలేరియా జ్వరానికి అది పనిచేస్తుందని అప్పటికే అందరికీ తెలుసు. ఎందుకు పనిచేస్తుందన్నదే చిక్కు. చేదూ వగరూ కలిసి జీర్ణాశయానికి బలమిస్తాయి కాబట్టి అన్నాడు కల్లెన్. హానిమన్‌కు ఇది రుచించలేదు. తన ఒంట్లో జ్వరం లేకపోయినా రోజుకు రెండు పూటలు చొప్పున కొన్నాళ్లు సింకోనా మింగి చూశాడు. కాళ్లు, వేళ్ల కొనలు చల్లబడ్డాయి, గుండె దడదడలాడింది, వణుకు వచ్చింది, దాహం వేసింది. రెండు మూడు గంటలు ఉండి తగ్గేది, మళ్లీ మింగితే మళ్లీ వచ్చేది. అచ్చం మలేరియా చలిజ్వరంలా ఉందే అనుకున్నాడు. ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలు పుట్టిస్తుందో, రోగిలో అవే లక్షణాలను ఆ పదార్థం పోగొడుతుంది అన్న ఊహ అక్కడ మొలకెత్తింది.

ఆ ప్రయోగం మీద ఇప్పటికీ వాదోపవాదాలున్నాయి. సింకోనా మింగిన ఆరోగ్యవంతులందరికీ అలా చలిజ్వరం రాదు. హానిమన్ శరీరానికి ఆ బెరడు సరిపడలేదేమోనని కొందరు పరిశోధకుల అనుమానం. మలేరియాకు కారణమైన పరాన్నజీవిని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లో గానీ కనిపెట్టలేదు. సింకోనాలోని క్వినైన్ ఆ జీవిని చంపుతుంది, అందుకే జ్వరం తగ్గుతుంది. జ్వరాన్ని పోలిన జ్వరం పుట్టించడం వల్ల కాదు. ఇది తెలిసేనాటికి హానిమన్ పోయి ముప్పయ్యేడేళ్లయింది. ఒకే ఒక్క శరీరం మీద చేసిన పరీక్ష నుంచి ఒక విశ్వనియమాన్ని తీయడం ఆయన తొందరపాటు. అయినా మందును ముందు తన మీద తాను పరీక్షించుకోవాలన్న పట్టుదల మాత్రం ఆ రోజుల్లో అరుదు.

ఆరేళ్లు నోట్సు రాసుకుని, 1796లో హూఫెలాండ్ నడిపే వైద్య పత్రికలో తన ఊహను వ్యాసంగా ప్రకటించాడు. 1810లో 'ఆర్గనాన్' మొదటి కూర్పు వచ్చింది. హోమియో వైద్యులకు నేటికీ అదే మూలగ్రంథం. మొదటి సూత్రం సారూప్యం. మన పెద్దలు ఉష్ణం ఉష్ణేన శీతలం అనేవారు కదా, తెలుగువాళ్లకు ఈ ఆలోచన వినగానే పాత పరిచయంలా తోచడానికి అదొక కారణం కావచ్చు. ఉల్లిపాయ తరిగితే కళ్లు, ముక్కు కారతాయి కాబట్టి అలాంటి జలుబుకు ఉల్లి నుంచి చేసిన ఆలియం సెపా ఇస్తారు. ముష్టి గింజల నుంచి నక్స్ వామికా, పాషాణం నుంచి ఆర్సెనికం ఆల్బం. ఏ పదార్థం ఏ లక్షణం పుట్టిస్తుందో తెలుసుకోవడానికి ఆరోగ్యవంతులకు దాన్ని ఇచ్చి, వాళ్లకు కలిగిన ప్రతి అనుభూతినీ రాయించడాన్ని ప్రూవింగ్ అంటారు. హానిమన్ శిష్యులు అలా పేజీలకు పేజీలు నింపారు. ఎడమ కణత పోటు దగ్గర్నుంచి రాత్రి వచ్చిన కలల దాకా అన్నీ ఎక్కాయి. ఏది మందు వల్ల కలిగింది, ఏది ఊరికే కలిగింది అని తేల్చే పద్ధతి మాత్రం వాళ్ల దగ్గర లేదు.

రోగికీ రోగికీ తేడా చూడాలన్నది ఇంకో సూత్రం. జబ్బు పేరు ఒకటే అయినా ఇద్దరికి ఒకే మందు కానక్కర్లేదు. ఎండ పడుతుందా, పడదా? ఒంటరిగా ఉంటే భయమా? నొప్పి ఏ వేళ ఎక్కువ? పులుపు ఇష్టమా, తీపి ఇష్టమా? హోమియో వైద్యుడు గంటసేపు కూర్చోబెట్టి అడిగే ఈ ప్రశ్నలే చాలామందిని ఆయన దగ్గరికి లాగాయి. తన గోడు ఓపికగా వినేవాడు దొరికితే రోగికి సగం బరువు దిగినట్టుంటుంది. హానిమన్ వైద్యానికి ఇచ్చిన వాటిలో నిలిచి ఉండదగినది ఇదేననిపిస్తుంది.

అసలు గొడవంతా మోతాదు దగ్గర వస్తుంది. మొదట్లో ఆయన మామూలు మోతాదులే ఇచ్చేవాడు. విషపదార్థాలు కదా, రోగం ముందు పెరిగి తర్వాత తగ్గేది. ఆ బాధ తప్పించడానికి పలచన చేస్తూ పోయాడు. ఒక చుక్క మందు, తొంభై తొమ్మిది చుక్కల నీరో సారాయో కలిపి బలంగా కుదిపితే ఒకటో పొటెన్సీ. అందులో ఒక చుక్క తీసి మళ్లీ తొంభై తొమ్మిది చుక్కల్లో కలిపి కుదిపితే రెండోది. ఇలా ముప్పయిసార్లు చేస్తే ముప్పయి పొటెన్సీ. కుదపడం వల్ల పదార్థంలోని శక్తి విడుదలవుతుందని, అది మనిషిలోని జీవశక్తి మీద పనిచేస్తుందని ఆయన నమ్మకం.

ఇప్పుడు లెక్క చూద్దాం. పన్నెండో పొటెన్సీకి వచ్చేసరికి అసలు పదార్థం 1 పక్కన 24 సున్నాలు పెట్టినంతగా పలచబడుతుంది. ఒక మోల్ పదార్థంలో ఉండే అణువులు సుమారు 6.022 × 10²³. అంటే ఒక మోల్‌తో మొదలుపెట్టినా, అక్కడికి వచ్చాక ఒక్క అణువైనా మిగిలి ఉండే అవకాశం సందేహమే. ముప్పయి దగ్గర 60 సున్నాలు. దుకాణాల్లో మామూలుగా దొరికే 200 పొటెన్సీకి 400 సున్నాలు. మనకు కనిపించే విశ్వంలోని పరమాణువులన్నీ కలిపినా 80 సున్నాల సంఖ్య దగ్గరే ఉంటాయని అంచనా. హానిమన్‌ను ఈ విషయంలో నిందించడం న్యాయం కాదు. అణువులు ఎన్ని ఉంటాయో తొలి అంచనా వేసిన లోష్మిట్ పత్రం వచ్చింది 1865లో. మదర్ టింక్చర్లు, మరీ తక్కువ పొటెన్సీలు వేరు. వాటిలో అసలు పదార్థం ఉంటుంది, విషమైతే విషంగానే ఉంటుంది.

హానిమన్ తన మందులు తానే తయారుచేసి ఇచ్చేవాడు. ఇది లైప్జిగ్ ఔషధ వర్తకులకు కంటగింపైంది. వాళ్లు 1819లో ఫిర్యాదు పెట్టారు. అదే సమయంలో, నెపోలియన్‌ను లైప్జిగ్ దగ్గర ఓడించిన సేనాని ష్వార్జెన్‌బర్గ్ రాకుమారుడు ఆయన దగ్గర వైద్యానికి వచ్చి 1820లో చనిపోయాడు. ఊళ్లో ఉండటం కష్టమైంది. మరుసటి ఏడాది కోథెన్ ప్రభువు ఆశ్రయమిస్తే అక్కడికి మకాం మార్చాడు. ముసలితనంలో, ఎనభయ్యో ఏట, తనకన్నా నలభై ఐదేళ్లు చిన్నదైన మెలనీ డెర్విల్లీని పెళ్లాడి పారిస్ వెళ్లాడు. 1843 జులై 2న అక్కడే కన్నుమూశాడు.

ఆయన పారిస్ చేరిన ఏడాదే, అంటే 1835లో, న్యూరెంబర్గ్‌లో జరిగిన ఒక సంఘటన హోమియోపతి చరిత్రలో అన్నింటికన్నా విలువైనదని చెప్పాలి. ఆ ఊళ్లో హోమియో వైద్యుడు యోహాన్ రాయిటర్. ఆ విధానాన్ని దుయ్యబడుతూ మారుపేరుతో పుస్తకం రాసినవాడు ఊరి ఆస్పత్రుల పెద్ద ఫాన్ హోవెన్. ఉప్పును ముప్పయి పొటెన్సీ చేసి ఇస్తే తిన్నవాడికి ఏదో ఒక మార్పు తెలిసి తీరుతుంది, పదికి ఒకటి పందెం అన్నాడు రాయిటర్. సరే, చూద్దాం అన్నారు ఊరి జనం.

ఎర్ర కోడిపుంజు అనే సత్రంలో నూట ఇరవై మందికి పైగా చేరారు. మంచు కరిగించి శుద్ధి చేసిన నీటిలో ఒక గ్రెయిన్ ఉప్పు కలిపి, అందరి ఎదుటా ముప్పయిసార్లు పలచన చేశారు. వంద సీసాలకు నెంబర్లు వేసి, కలగాపులగం చేసి, సగంలో ఉప్పు పొటెన్సీ, మిగతా సగంలో వట్టి మంచునీళ్లు నింపారు. ఏ నెంబరులో ఏముందో రాసిన జాబితాకు సీలు వేశారు. పుచ్చుకునేవాడికీ తెలియదు, పంచేవాడికీ తెలియదు. కొన్ని వారాల తర్వాత యాభై మంది తమ అనుభవం చెప్పారు. నలభై రెండు మందికి ఏమీ కాలేదు. ఏదో అయిందన్న ఎనిమిది మందిలో అయిదుగురు తాగింది ఉప్పు పొటెన్సీ, ముగ్గురు తాగింది వట్టి నీళ్లు. దానితో రాయిటర్ పందెం వీగిపోయిందని తేల్చారు. ఇవాళ ప్రపంచమంతా కొత్త మందుల్ని తూచే పద్ధతికి ఇంత దగ్గరగా వచ్చిన పరీక్షను దాదాపు రెండు వందల ఏళ్ల క్రితం ఒక సత్రంలో మామూలు పౌరులు చేశారంటే చేతులెత్తి దండం పెట్టాలి.

అయితే హోమియోపతి ఆ తర్వాతే ఇంకా పెరిగింది. కారణం కలరా. 1854లో లండన్‌లో, బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లతో కలరా పాకినప్పుడు దగ్గర్లోని గోల్డెన్ స్క్వేర్‌లో హోమియో ఆస్పత్రి ఉంది. అక్కడ చేరిన కలరా రోగుల్లో నూటికి పదహారు మంది పోతే, మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో సగానికి పైగా పోయారు. ఆ అంకెలు చూసి ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. కానీ పెద్దాస్పత్రుల్లో జరిగేదేమిటి? నీరంతా పోయి వడలిన మనిషికి కాలొమెల్, విరేచనాల మందులు ఇచ్చారు, నెత్తురు తీశారు. హోమియో వార్డులో అవేవీ లేవు. పడుకోబెట్టి, శుభ్రంగా ఉంచి, కనిపెట్టుకుని చూశారు. చంపే వైద్యం లేకపోవడమే అక్కడ మందైంది. ఈ సంగతి వైద్యలోకం గ్రహించడానికి చాలాకాలం పట్టింది. నిజానికి హోమియోపతి పోటీ వల్లే నెత్తురు తీసే పద్ధతి త్వరగా పడిపోయిందని వైద్య చరిత్రకారులు కొందరు అంటారు. ఆ మేరకు మనమంతా దానికి రుణపడి ఉన్నాం.

మన దేశంలోకి అది రాజదర్బారు గుండా వచ్చింది. ట్రాన్సిల్వేనియాకు చెందిన యోహాన్ మార్టిన్ హోనిగ్‌బెర్గర్ లాహోరులో మహారాజా రంజిత్ సింగ్ కొలువులో ఉండేవాడు. పక్షవాతంతో మాట పడిపోయిన మహారాజుకు 1839లో ఆయన హోమియో మందిచ్చాడు. మహారాజు ఆ ఏడాది జూన్‌లోనే కాలం చేశాడు. దక్షిణాదిన శామ్యూల్ బ్రూకింగ్ అనే రిటైరైన వైద్యుడు తంజావూరు, పుదుక్కోట సంస్థానాల్లో ఈ వైద్యం నడిపాడు. 1880లో జర్మన్ జెసూట్ ఫాదర్ అగస్టస్ ముల్లర్ మంగుళూరు దగ్గర కంకనాడిలో పేదల కోసం హోమియో మందుల దుకాణం తెరిచాడు. అదే నేడు పెద్ద వైద్యసంస్థగా ఎదిగింది.

వేళ్లూనింది మాత్రం కలకత్తాలో. రాజేంద్ర లాల్ దత్తా అనే సంపన్న గృహస్థు డాక్టరు కాదు, సొంత డబ్బుతో మందులు తెప్పించి ఉచితంగా ఇచ్చేవాడు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడి తలనొప్పికి ఆయనే వైద్యం చేశాడు. ఆ తర్వాత విద్యాసాగరుడూ మందులపెట్టె పట్టుకుని సంతాల్ పల్లెల్లో పేదలకు వైద్యం చేశాడు.

ఆ కలకత్తాలో మహేంద్రలాల్ సర్కార్ ఉన్నాడు. 1833లో పుట్టాడు, చిన్నతనంలోనే తండ్రి పోతే మేనమామల ఇంట పెరిగాడు. 1863లో కలకత్తా మెడికల్ కాలేజీ నుంచి ఎం.డి. పుచ్చుకున్న రెండో మనిషి. ఆ ఏడాదే బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ బెంగాల్ శాఖ పుట్టినప్పుడు సభలో హోమియోపతిని ఉతికి ఆరేశాడు. తర్వాత ఆ వైద్యం మీద ఒక పుస్తకానికి సమీక్ష రాయాల్సి వచ్చి, చూడకుండా ఎలా రాస్తాను అని రాజేంద్ర దత్తా రోగుల్ని దగ్గరుండి గమనించాడు. మనసు మారింది. 1867 ఫిబ్రవరి 16న అదే అసోసియేషన్ వేదిక మీద నిలబడి, మామూలు వైద్యంలో ఎంత అనిశ్చితి ఉందో చెప్పి, హోమియోపతిని పరీక్షించి చూడమన్నాడు. సభ భగ్గుమంది. ఆయన్ని వెలివేశారు. కొన్నాళ్లు రోగులు గుమ్మం తొక్కలేదు.

ఆయన కంటితో చూసి నమ్మినది నేటి గీటురాయికి నిలవకపోవచ్చు. వాటంతటవే తగ్గే జబ్బులెన్నో, వాటి నుంచి మందు గుణాన్ని వేరుచేయడం ఒక్కడి చూపుకు అందదు. కానీ పరీక్షించి చూడమని అడిగినవాడిని వెలివేయడం మరింత పెద్ద తప్పు. సర్కార్ ఆ పట్టుదలను ఇంకో దారిలో పెట్టాడు. 1868లో వైద్య పత్రిక మొదలుపెట్టాడు. 1876లో భారతీయులే నడిపే విజ్ఞానశాల కావాలని చందాలు పోగుచేసి, బౌబజార్ వీధిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ స్థాపించాడు. 1885లో గొంతు క్యాన్సరుతో బాధపడుతున్న రామకృష్ణ పరమహంసకు వైద్యం చేసింది ఆయనే. 1904లో పోయాడు. మూడేళ్ల తర్వాత ఆ విజ్ఞానశాల తలుపు తట్టిన యువ ఆర్థికశాఖ అధికారి సి.వి.రామన్. 1928లో ఆయన పేరుతో నిలిచిన ఎఫెక్టు అక్కడే బయటపడింది. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం రామన్ దగ్గర చేరిందీ అక్కడే. వెలివేతకు గురైన ఒక హోమియో వైద్యుడు కట్టిన ఇంట్లో భారత భౌతికశాస్త్రం పెరిగింది.

తెలుగునేల మీద హోమియోపతి ఆస్పత్రుల కన్నా ముందు ఇళ్లలో స్థిరపడింది. చిన్న చెక్కపెట్టె, వరుసగా సీసాలు, పక్కన ఒక పుస్తకం ఉంటే చాలు. ఈ ఇంటివైద్యపు పెట్టెను అమెరికాలో కాన్‌స్టాంటైన్ హెరింగ్ 1835 నాడే పుస్తకంతో సహా ప్రచారంలోకి తెచ్చాడు. మనదగ్గర బడిపంతుళ్లు, ప్లీడర్లు, రిటైరైన ఉద్యోగులు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని పైసా పుచ్చుకోకుండా గుళికలు పొట్లం కట్టి ఇచ్చేవారు. 1945లో గుడివాడలో హోమియో వైద్య కళాశాల మొదలైంది. అది ఇప్పుడు డాక్టర్ గురురాజు పేరుతో ప్రభుత్వ కళాశాలగా నడుస్తోంది. హైదరాబాదు రామంతపూర్ కళాశాల పేరులో పొట్టి శ్రీరాములుతో పాటు జయసూర్య ఉన్నాడు. సరోజినీ నాయుడు పెద్దకొడుకు, హోమియో వైద్యుడు, 1952లో మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైనవాడు. రాజమండ్రి కళాశాలకు అల్లు రామలింగయ్య పేరు పెట్టారు. తెరమీద నవ్వించిన ఆయన, తెర వెనక ఉచితంగా హోమియో మందులిచ్చేవాడు. బాపట్లలో పుట్టి విశాఖలో తెలుగు అధ్యాపకుడిగా పనిచేసిన ఎక్కిరాల కృష్ణమాచార్య ఉచిత వైద్యశాలలు నెలకొల్పాడు. వీళ్లలో ఎవరి సేవాగుణాన్నీ శంకించాల్సిన పని లేదు. డాక్టరు లేని ఊళ్లో అర్ధరాత్రి తలుపు తీసేవాడి విలువ ఊరికే తెలుసు.

మందు పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. న్యూరెంబర్గ్ తర్వాత అలాంటి పరీక్షలు వందల్లో జరిగాయి. 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ 110 హోమియో పరీక్షలను, అన్నే మామూలు వైద్య పరీక్షలను పక్కపక్కన పెట్టి చూసి, హోమియో ఫలితం ఉత్తుత్తి మందు ఫలితానికి మించలేదని తేల్చింది. 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి కూడా ఏ జబ్బుకూ నమ్మదగ్గ ఆధారం దొరకలేదంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యసేవ 2017లో హోమియో మందులు రాయొద్దని డాక్టర్లకు చెప్పింది. 2021 నుంచి ఫ్రాన్సు వాటి ఖర్చు తిరిగి ఇవ్వడం మానేసింది. 2020 జనవరిలో మన ఆయుష్ మంత్రిత్వ శాఖ కరోనాకు ముందుజాగ్రత్తగా ఆర్సెనికం ఆల్బం 30 సూచించింది. ఆ మాత్ర వల్ల ఎవరికీ విషం ఎక్కదు. దాన్ని నమ్మి టీకా మానేసినా, క్షయకో మధుమేహానికో మందు ఆపేసినా అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

మనదేశంలో ఈ వైద్యానికి 1973 నుంచి చట్టబద్ధమైన కేంద్ర మండలి ఉండేది, 2020 చట్టంతో దాని స్థానంలో జాతీయ కమిషన్ వచ్చింది. గుడివాడలోనో రామంతపూర్‌లోనో బీహెచ్‌ఎంఎస్ చేరే విద్యార్థి ఇంటర్ మొదటి ఏడాది కెమిస్ట్రీలో అవగాడ్రో సంఖ్య నేర్చుకుని, నీట్ రాసి, ఐదున్నరేళ్ల కోర్సులో ఒక చేత్తో శరీరశాస్త్రం, రోగనిర్ధారణ, మరో చేత్తో ఆర్గనాన్ చదువుతాడు. ఆ రెండింటి మధ్య ఉన్న పేచీని అతని ముందు దాచకూడదు. ఎర్ర కోడిపుంజు సత్రంలో సీసాలు ఎలా కలిపారో, బౌబజార్ వీధిలో సర్కార్ ఎందుకు చందాలు అడిగాడో ఆ పాఠ్యపుస్తకాల్లోనే ఉండాలి. రోగి గోడు గంటసేపు వినడం మాత్రం అతని నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులు కూడా నేర్చుకోవాలి.